డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి, ఎల్.బి.నగర్ ప్రాంతములందు నివసించు మనలో నాగోలు వంతెనను దాటనివారు అరుదు. ఆ వంతెన క్రింద పారునది మూసీనది. పట్టణములోని మురుగంతయు వచ్చి చేరుటచే ఆ నీరు నల్లబడి, నురుగు గట్టి, దారిన పోవువారు ముక్కునకు గుడ్డ యడ్డము పెట్టుకొనునంతటి దుర్వాసన కొట్టుచుండుట మనమెల్లరము ఎరిగినదే. నదికి ఈ దుర్గతిని తగ్గింపవలెనని మూసీ సంరక్షణ పథకము క్రింద నాగోలు వద్ద దినమునకు 17 కోట్ల 20 లక్షల లీటర్ల మురుగునీటిని శుద్ధిచేయగల కర్మాగారమును, అంబరుపేట వద్ద 33 కోట్ల 90 లక్షల లీటర్ల శక్తిగల మరియొక కర్మాగారమును నిర్మించిరి. ఆ రెండింటను అవలంబించిన పద్ధతి 1970 తరువాతి సంవత్సరములలో హాలెండు దేశమున లెట్టింగా అను శాస్త్రజ్ఞుడు రూపొందించినది. అందు మురుగునీటిని తొట్టి అడుగునుండి పైకి మెల్లగా పంపుదురు. దారిలో బురదపాన్పు ఒకటి యుండును. ఆ బురదలో గాలి లేదు, వెలుతురు లేదు. అయినను అచట కోటానుకోట్ల బాక్టీరియా పగలనక రాత్రియనక పనిచేయుచుండును. కంపుగొట్టు కల్మషము వాని చేతిలో విరిగి విరిగి, తుదకు మండెడు మిథేను వాయువుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారిపోవును.

ఈ పనిలో ఒక కష్టమైన మెట్టు గలదు. అది ప్రొపియోనిక్ ఆమ్లమును విరుచుట. ఈ మెట్టు ఎక్కించునది కంటికి కానరాని ఒక ఐసోమరేజు ఎంజైము. ఆ ఎంజైము పనిచేయవలెనన్న బి12 అను విటమిను దానికి తోడుగా నుండవలెను. ఆ విటమినును కాలేయములో వెదకి వెదకి తన యౌవనములో అనేక సంవత్సరములు వెచ్చించిన మహాపురుషుడొకడు మన తెలుగునాట భీమవరములో జన్మించెను. ఆయనకు అది చిక్కలేదు. చిక్కకపోయినను ఆ వెదకులాట వ్యర్థము కాలేదు. ఆ కథయే ఇచట వ్రాయబూనితిని.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి మండలములోని భీమవరమున పుట్టిరి. తండ్రి జగన్నాథముగారు. తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. ఆయన అనారోగ్యముచే ముందుగనే ఉద్యోగము వదలుకొనవలసివచ్చెను. పెద్ద కుటుంబము, చాలని రాబడి. బాలుడైన సుబ్బారావునకు చదువుపై మనసు కుదరలేదు. పదమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. మన విద్యార్థులలో పరీక్ష తప్పినవారు ఈ సంగతిని చక్కగా జ్ఞాపకముంచుకొందురుగాక. తండ్రి పోయిన పిదప వెంకమ్మగారు తన నగలను అమ్మి కుమారుని చదివించెనని పెద్దలు చెప్పుదురు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనసు వైరాగ్యమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యాసి కావలెనని తలచెను. తల్లి అనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనలేదు. తల్లి అనుమతింపలేదు. రోగులకు సేవచేయుటయు భగవత్సేవయే యని తలంచి, ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. ఆ కాలమున గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచుండెను. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టించిన అంగీ ధరించి శస్త్రచికిత్స తరగతికి పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కిట్టలేదు. మిగిలిన విషయములందు ఎంత చక్కగా వ్రాసినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. పిమ్మట మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకుడుగా కొంతకాలము పనిచేసెను.

ఈ దినములలోనే ఆయన జీవితమును మలుపుత్రిప్పిన దుఃఖము సంభవించెను. స్ప్రూ అను గ్రహణివ్యాధికి ఆయన సోదరులిద్దరు ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరివెంట ఒకరు బలియైరి. తిన్న యన్నము ఒంటబట్టదు. నాలుక పుండగును. రక్తము పలుచబడును. శరీరము శల్యావశిష్టమగును. వైద్యుడై యుండియు ఆయన చేయగలిగినదేమియు లేకపోయెను, ఏలయన ఆ వ్యాధికి కారణమేమో, మందేమో ఆనాడు లోకములో నెవ్వరును ఎరుగరు. ఎరుగనిదానిని ఎరుగవలెనన్న పట్టుదల ఆనాడే ఆయన హృదయమున పాదుకొనెనని చెప్పవచ్చును.

1919లో ఆయనకు శేషగిరిగారితో వివాహమయ్యెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మనిధి సాయముతోను 1922లో అమెరికా ప్రయాణము కట్టెను. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకు మాటయిచ్చెను. ఆ మాట చెల్లలేదు. ఆయన మరల స్వదేశమును చూడనే లేదు. పుట్టిన బిడ్డ శైశవముననే మరణించెను. ఆ కబురు మాత్రమే ఆయనకు సముద్రములు దాటి చేరెను. మహాపురుషుల కథలలో ఇట్టి భాగములను దాచుట మంచిది కాదు. లోకమునకు మేలుచేసిన ఆ శ్రమకు మూల్యము చెల్లించినవారిలో, గోదావరీ మండలమున ఎదురుచూచుచు జీవితము గడపిన ఆ ఇల్లాలు గూడ నొకతె.

1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరెను. చేతిలో ధనము లేదు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యము చదువుచు, రాత్రులయందు ఒక ఆసుపత్రిలో నౌకరుగా పనిచేసి పొట్టపోసికొనెను. తన దేశమున పూర్తి పట్టము నిరాకరింపబడిన వైద్యుడు, పరదేశమున ఆసుపత్రిలో ఊడిగము చేసెనన్నమాట. ఆ పనిని ఆయన అవమానముగా తలచినట్లు కానరాదు.

పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునివద్ద చేరెను. అచట ఆయనకు అప్పగింపబడిన పని పైకి చూడ చాల చిన్నది. రక్తములోను, మూత్రములోను భాస్వరమెంత యున్నదో సరిగా కొలుచు విధానమును కనిపెట్టుట. అంతకు పూర్వపు పద్ధతులు కష్టమైనవి, నమ్మదగనివి. ఫిస్కె, సుబ్బారావులు రూపొందించిన పద్ధతిలో, భాస్వరముండిన ద్రవము నీలిరంగు దాల్చును. ఎంత భాస్వరమో అంత నీలము. ఆ రంగు గాఢతను చూచి లెక్క తెలిసికొందురు. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ప్రపంచమంతట ప్రయోగశాలలలో వ్యాపించెను. ఈనాటికిని జీవరసాయనము చదువు విద్యార్థులు ఫిస్కె–సుబ్బారావు పద్ధతియని దానిని నేర్చుకొందురు.

చక్కని కొలత చేతికి వచ్చినచో కొత్త విషయములు వానియంతట అవియే బయటపడును. ఆ పద్ధతితో కండరములను పరీక్షింపగా, అంతవరకు ఎవ్వరు నెరుగని ఫాస్ఫోక్రియాటిను అను పదార్థము 1927లో దొరకెను. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును గూడ వారు వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోహ్మను అను శాస్త్రజ్ఞుడు స్వతంత్రముగా దానిని కనుగొనెను. మనము వేలు కదల్చినను, గుండె కొట్టుకొన్నను, బాక్టీరియా ఒకటి రెండుగా చీలినను, ఖర్చగునది ఈ ఎ.టి.పి.యే. బజారులో నాణెమువంటిది జీవకణములో ఎ.టి.పి. ప్రతి పనికిని అది చెల్లింపవలసినదే. 1930లో సుబ్బారావుగారు పిహెచ్.డి. పట్టము నందిరి.

అప్పుడు ఆయన దృష్టి రక్తహీనతపై పడెను. పెర్నీషియస్ అనీమియా యని పిలువబడు ప్రాణాంతకమైన పాండురోగమొకటి గలదు. దాని వాతబడినవారికి చావు తప్ప మార్గము లేకుండెను. 1926లో ఆ బోస్టను నగరమందే మైనాటు, మర్ఫీ యను వైద్యులు రోగులచే ప్రతిదినము కాలేయమును తినిపించి వారిని బ్రతికించిరి. 1934లో వారికిని విపులుగారికిని నోబెలు బహుమానము లభించెను. అయితే కాలేయములో రోగమును పోగొట్టునది ఏది? అది ఎవ్వరికిని తెలియదు. సుబ్బారావుగారు దానిని పట్టవలెనని పూనిరి. కాలేయమును దంచి, నానబెట్టి, వడియగట్టి, సారములను ఒకదానినుండి ఒకటి విడదీసి, ఏ సారమున గుణమున్నదో రోగులపై పరీక్షించి చూచుచు సంవత్సరములు గడపిరి. ఆ గుణము ఒకసారి ఈ పాలున కనబడును, మరియొకసారి ఆ పాలున కనబడును, పట్టబోయినచో జారిపోవును. దాని కొక కారణము గలదని తరువాత తెలిసెను. కాలేయములో ఆ పదార్థముండునది అణుమాత్రము. మనుష్యునకు దినమునకు కావలసినది రెండు మూడు మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. టన్నులకొలది కాలేయమును పిండినను మిగులునది చిటికెడు. గడ్డిమేటులో సూది వెదకుట దీనిముందు సుళువు.

హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పర్ల్ రివరు వద్దనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, త్వరలోనే అచటి పరిశోధనలకెల్ల అధిపతియయ్యెను. కాలేయములో మొదలైన వెదకులాట అచటను కొనసాగెను. ఈ కథలో మన దేశమునకు సంబంధించిన మరియొక పాత్ర గలదు. 1931 ప్రాంతమున లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చు రక్తహీనతను పరిశీలించి, పులియజేయు ఈస్టు సారముతో దానిని నయముచేసెను. ఈస్టులో నున్న ఆ తెలియని పదార్థమును, ఆకుకూరలలో నున్న ఫోలిక్ ఆమ్లమును ఒకటియే యని క్రమముగా తేలెను. దానిని ప్రకృతినుండి చాలినంత పొందుట దుర్లభము. 1945లో సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసి దాని నిర్మాణమును తేల్చిరి.

ఆ ఫోలిక్ ఆమ్లము దేనికి మందయ్యెనో చదువరులు ఊహింపగలరా? స్ప్రూ వ్యాధికి. సోదరులిద్దరు కన్నులయెదుట పోయి ఇరువది యేండ్లు దాటిన పిమ్మట, అదే వ్యాధిచే కృశించినవారు ఆయన చేయించిన మందుతో లేచి కూర్చుండిరి. గర్భిణులకు నేడు ప్రతి ఆరోగ్యకేంద్రమునను ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఇచటనే ఒక ప్రమాదము పొంచియుండెను. ఫోలిక్ ఆమ్లముతో పెర్నీషియస్ అనీమియా రోగుల రక్తము గూడ బాగుపడెను. ఇన్నాళ్లుగా వెదకిన పదార్థము దొరకినదని కొందరు సంతోషించిరి. కాని నెలలు గడచుకొలది ఆ రోగుల కాళ్లు తిమ్మిరెక్కి, నడక తడబడి, నాడులు చెడసాగెను. రక్తము కుదురుకొన్నదని మోసపోయి ఊరకుండగా, లోపల నాడులు నశించుచుండెను. కనుక కాలేయములోని అసలు పదార్థము ఫోలిక్ ఆమ్లము కాదు, వేరొకటి గలదని స్పష్టమయ్యెను. 1948లో అమెరికాలోని మెర్కు సంస్థలో ఫోకర్సు బృందమువారును, ఇంగ్లండులో లెస్టరు స్మిత్తును దానిని ఎర్రని స్ఫటికములుగా వేరుచేసిరి. దానికి బి12 అని పేరిడిరి. సుబ్బారావుగారు సంవత్సరములు వెదకినది ఇతరుల చేతులలో వెలువడెను.

ఆ వేళకు ఆయన చేయిదాటి పోయినది ఒక్కటి; చేతినుండి లోకమునకు అందినవి అనేకము. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినాప్టెరిను అను పదార్థమును ఆయన బృందమువారు చేసి ఇచ్చిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపుకాన్సరుతో నున్న పసిబిడ్డల కిచ్చెను. 1948లో ప్రకటించిన ఫలితములలో పదునారుమంది బిడ్డలలో పదిమందికి వ్యాధి కొంతకాలము తగ్గెను. కాన్సరునకు మందులతో చేయు చికిత్సకు తొలి మెట్లలో అది యొకటి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆయన సంస్థనుండియే 1947లో బోదవ్యాధికి డైఇథైల్ కార్బమజీను అను మందు వెలువడెను. మన రాష్ట్రములలో బోదవ్యాధి నివారణకై ఇంటింటికి వచ్చి మ్రింగించు మాత్ర అదియే. 1948లో డగ్గరుగారు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిను, టెట్రాసైక్లిను జాతి మందులలో మొదటిది, ఆయన ఆధ్వర్యముననే లోకమునకు అందెను.

1948 ఆగస్టులో, తన ఏబదిమూడవ యేట, పర్ల్ రివరులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె యాగి పరమపదించిరి. ఇరువదియారు సంవత్సరములు అమెరికాలో నున్నను ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. ఆయన జన్మించి నూరేండ్లయిన 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలబిళ్ల వెలువరించెను. సబ్బరోమైసిస్ అను శిలీంధ్రమునకు ఆయన పేరే పెట్టబడినది.

ఇక ఆయన వెదకిన పదార్థము ఏమి చేయుచున్నదో తెలిసికొందము. 1955, 1956 సంవత్సరములలో డొరొతీ హాడ్జికిను అను విదుషి బి12 నిర్మాణమును ఎక్సుకిరణముల సాయమున తేల్చెను. దాని నడుమ కోబాల్టు లోహపు పరమాణువొకటి యున్నది. 1958లో కాలిఫోర్నియాలో బార్కరుగారు ఒక బాక్టీరియాలో, బి12 విటమిను ఎంజైమునకు తోడై పనిచేయు నిజరూపమును కనుగొనెను. మరి రెండేండ్లలో ప్రొపియోనిక్ ఆమ్లపు దారిలోను దాని పాత్ర తేటపడెను.

ప్రొపియోనిక్ ఆమ్లములో మూడు కార్బను పరమాణువులు వరుసగా నుండును. దానిని విరుచుటకు ముందు, బాక్టీరియా దానికి మరియొక కార్బనును జతచేయును. అయితే ఆ క్రొత్తది చివరను గాక నడిమిదానికి అంటుకొనును. కనుక నాలుగు కార్బనుల కొమ్మచీలినట్టి రూపమేర్పడును. దానిని మిథైల్‌మలోనైల్ అందురు. ఆ చీలిన రూపము ముందరి దారిలో పట్టదు. అప్పుడు ఐసోమరేజు ఎంజైములు వచ్చును. ఐసోమరేజు ఏమియు చేర్చదు, ఏమియు తీసివేయదు; ఉన్నవానినే స్థానము మార్చును. 'తల' అను మాటలోని రెండక్షరములను తారుమారు చేసినచో 'లత' యగును. అక్షరములవే, అర్థము వేరు. ఐసోమరేజు పనియు అట్టిదే. మొదటి ఐసోమరేజు, ఎడమకాలి చెప్పును కుడికాలి చెప్పుగా మార్చినట్లు, ఆ పదార్థమును దాని ప్రతిబింబముగా త్రిప్పును. రెండవది బి12 తోడుగల మ్యుటేజు. ఇది కొమ్మను ఒక కార్బనునుండి విడదీసి ప్రక్క కార్బనుపై నాటును. చీలిన రూపము తిన్నని నాలుగు కార్బనుల వరుసగా, అనగా సక్సినైల్‌గా మారును. తరువాత దారి సుగమము. బి12లోని కోబాల్టును అంటియున్న బంధమొకటి క్షణకాలము విడిపోయి మరల కలియుటచే ఈ మార్పు సాధ్యమగుచున్నది.

మన నాగోలు బురదలో జరుగవలసినది ఇదియే. ప్రొపియోనేటును విరుచు సింట్రోఫోబాక్టరు మొదలగు బాక్టీరియా ఈ దారినే నడచును. దాని ఫలముగా ఎసిటేటు, బొగ్గుపులుసు వాయువు, ఉదజని వెలువడును. కాని ఉదజని పేరుకొన్నచో పని ఆగిపోవును. వాతావరణపు ఒత్తిడిలో పదివేలవ వంతుకంటె అది మించరాదు. ప్రక్కనే యుండి ఆ ఉదజనిని ఎప్పటికప్పుడు గ్రహించి మిథేను చేయు సూక్ష్మజీవులున్నప్పుడే మొదటివి బ్రతుకగలవు. దక్కునది అత్యల్ప శక్తి. దానినే ఇద్దరును పంచుకొందురు. ఈ స్నేహము చెడినను, ఐసోమరేజునకు బి12 కరవైనను, ప్రొపియోనిక్ ఆమ్లము పేరుకొని తొట్టి పుల్లబడి, శుద్ధి కుంటుపడి, మురుగు మురుగుగనే నదిలో చేరును. కొన్ని బాక్టీరియా మిథైల్‌సిట్రేటు చక్రమను వేరొక దారిని పట్టును. దానికి బి12తో నిమిత్తము లేదు. క్షయరోగ బాక్టీరియాకు రెండు దారులును తెలియును. బి12 దొరకినప్పుడు ఐసోమరేజు దారిని గూడ వాడుకొనును.

ఈ ఎంజైము బురదలోనే కాదు, మన యింటిలోను పనిచేయుచున్నది. ఆవు కడుపులోని బాక్టీరియా గడ్డిని పులియబెట్టి ప్రొపియోనేటు చేయును. ఆవు కాలేయములోని ఐసోమరేజు దానిని త్రిప్పి చక్కెర కానిచ్చును. ఆ చక్కెరయే పాలలోని తీపికి మూలము. మన శరీరమందును అదే ఎంజైము కలదు. అచట ప్రొపియోనిక్ పదార్థమునకు నాలుగవ కార్బనును అతికించుటకు ఖర్చగునది సుబ్బారావుగారు కనుగొన్న ఎ.టి.పి.; కొమ్మను త్రిప్పుటకు కావలసినది ఆయనకు చిక్కని బి12. దొరకినదియు దొరకనిదియు ఒక్క దారిలోనే ప్రక్కప్రక్కన నిలిచినవి. శరీరములో బి12 లోపించినచో మిథైల్‌మలోనిక్ ఆమ్లము మూత్రమున పెరుగునని 1962లో కనుగొనిరి. ఆ లోపమును పట్టుటకు వైద్యులు నేటికిని ఆ పరీక్షను వాడుచున్నారు.

తలిదండ్రులకు ఇచట ఒక మనవి. బి12ను ఏ మొక్కయు, ఏ జంతువును స్వయముగా చేసికొనలేదు. బాక్టీరియా, వానివంటి కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు. మనకది మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, పెరుగు మూలముగా అందును. శాకాహారుల యిండ్లలో, ముఖ్యముగా పాలు చాలనిచోట, ఈ లోపము మన దేశమున తరచుగా కనబడును. బిడ్డకు గాని పెద్దలకు గాని ఎడతెగని నీరసము, కాళ్లచేతులలో తిమ్మిరి, నాలుక మంట యున్నచో ఊరక రక్తపు మందు కొని మ్రింగింపక వైద్యునకు చూపి పరీక్ష చేయింపవలెను. ఫోలిక్ ఆమ్లమొక్కటే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు తోచి, నాడులు చెడిపోవు ప్రమాదము కలదని పైన వ్రాసితిని గదా.

ప్రియ విద్యార్థులారా, ఒక స్త్రీ పుల్లని పిండిని కొంచెము తీసి మూడు కుంచముల పిండిలో దాచిపెట్టగా అంతయు పొంగినదను ఉపమానమును మీరు ప్రార్థనా సమావేశములలో వినియున్నారు. ఆ కొంచెము పిండిని పొంగినపిమ్మట ఎవ్వరును వేరుగా చూడజాలరు. సుబ్బారావుగారి జీవితమును అట్టిదే. పరీక్ష తప్పిన బాలుడు, పట్టము నిరాకరింపబడిన వైద్యుడు, ఆసుపత్రి నౌకరు, పదవి దక్కని పరిశోధకుడు, వెదకినది చిక్కని శాస్త్రజ్ఞుడు. లోకము గణించు రీతిని చూచినచో ఇవన్నియు ఓటములే. అయినను గర్భిణి మ్రింగు మాత్రలోను, కాన్సరు బిడ్డ కెక్కించు మందులోను, బోదవ్యాధి నివారణలోను ఆయన శ్రమ పేరులేకుండ కలిసిపోయియున్నది.

ఇకమీదట మీరు నాగోలు వంతెన దాటునప్పుడు ముక్కు మూసికొన్నను మనసు మూసికొనకుడు. ఆ నల్లని నీటిని తిరిగి తెల్లనిదిగా చేయవలసిన పనిలో మన పాలు మనకున్నది. చెత్తను కాలువలలో పారవేయకుండుట అందులో మొదటిది. మిగిలిన పనిని చీకటిలో నుండి చేయువారు వేరుగా నున్నారు. వారికి పేరు లేదు, బహుమతి లేదు. ఉన్నదానినే సరియైన చోట నిలుపుట వారి పని. దేవుడు మనకిచ్చిన తలాంతు చిన్నదైనను, దానిని పాతిపెట్టక సరియైన చోట వినియోగించినచో, భీమవరపు బాలునివలె మనమును ఎక్కడో ఎవ్వరికో ప్రాణాధారము కాగలము.